వెదురుబొంగు ఆఫీసు

రత్న పెట్టిన టూరిస్టు ఆఫీసుకి ఆ రోజు మొట్టమొదటి చుట్టం వస్తోంది. అదీ ఇటలీ నుంచి! తెల్లారకముందే లేచి గది అలికింది, బల్ల తుడిచింది, కాఫీ గింజలు వేయించింది. కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆఫీసంటే మరేం కాదు, అరకు దాటాక కొండవాలులో వాళ్ల ఇంటిని ఆనుకున్న రేకుల గది. గుమ్మం మీద పసుపు బోర్డు: 'సందర్శకులకు సమాచారం, కొండల్లో నడక, ఊళ్లో బస.' చలికాలమంతా టూరిస్టులు కింద రోడ్డు మీద కార్లలో రయ్యిన పోయారే గాని, ఒక్కరూ తలెత్తి ఆ బోర్డు చూసిన పాపాన పోలేదు. పోనీ రోడ్డు పక్కనే పెడదామంటే అమ్మమ్మ రాజులమ్మ ఒప్పుకుంటేగా!

"రోడ్డు మీద నిలబడి రండి రండని పిలవడానికి మనమేటి, సంతలో కోళ్లు అమ్ముతన్నామా? సుట్టమన్నోడు ఇంటికే వత్తాడే గుంటా" అనేది.

రాలేదు. చైత్రంలో కొండ ఊళ్లు చేసుకునే ఇటుకల పండగ వెళ్లేలోగా ఒక్కరైనా గడప తొక్కకపోతే గది మూసేసి తిరుప్పూరు బట్టల మిల్లుకి పోతానని రత్నే ఇంట్లో మాటిచ్చింది. సంచి సర్దే ఉంది. పండగకి ఇదే ఆఖరి రోజు.

నిన్న రాత్రే లూసియా అనే ఆవిడ మెసేజి పెట్టింది. "ఏ దేశం వెళ్లినా నేను ముందు వెతుక్కునేది సమాచార కేంద్రాన్నే. మీది ఎక్కడ?" రత్న ఎగిరి గంతేసి దారి పంపింది.

ఎండ నడినెత్తికొచ్చింది. లూసియా జాడ లేదు, ఫోనులో సిగ్నల్ లేదు. కింద నుంచి డప్పులు, ఆడవాళ్ల కేకలు వినిపించాయి. రత్న గుండె గుభేలుమంది. పండగ రోజుల్లో మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టి బళ్లు ఆపుతారు. పండగ చందా ఇచ్చి, వాళ్లతో రెండడుగులు ఆడితేగాని కదలనివ్వరు. వాళ్లకి నాయకురాలు ఇంకెవరు, రాజులమ్మే! దేశంగాని దేశం మనిషి హడలిపోయి వెనక్కి తిరిగి పోతే?

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. మలుపు తిరిగేసరికి బొంగు దగ్గర ఆటో ఉంది, అందులో మనిషి లేదు. కొంప మునిగిందనుకుంది.

మనిషి థింసా ఆడేవాళ్ల వరసలో ఉంది! రాజులమ్మ నడుం వెనక చెయ్యి వేసి, అడుగడుగునా తప్పుతూ, పగలబడి నవ్వుతోంది.

"క్షమించండి, మా ఆఫీసు పైన ఉంది..." అని రత్న రొప్పుతూ ఇంగ్లీషులో మొదలెట్టింది.

"పైనా? ఇదే ఆఫీసనుకున్నానే!" అంది లూసియా. "బండి ఆపారు, మంచినీళ్లిచ్చారు, జలపాతం ఎటో చేత్తో చూపించారు. చెంప కింద చెయ్యి పెట్టి, రాత్రికి ఏ ఇంట్లో పడుకోవాలో కూడా చెప్పేశారు. అన్ని దేశాల్లో ఆఫీసుని నేను వెతుక్కున్నాను. ఇక్కడ ఆఫీసే నన్ను పట్టుకుంది!"

రత్న అది తెలుగులో చెప్పగానే ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. రత్నకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రాజులమ్మ మాత్రం వెనక ఆగిన కార్ల వరసని చూస్తోంది. అందులోంచి దిగినవాళ్లు అప్పుడే దారులు అడుగుతున్నారు.

"ఏటలా సూత్తన్నావు? బేగి పోయి ఆ బోర్డు ఊడదీసి అట్టుకురా" అంది.

"రోడ్డు మీదికా? సంతలో కోళ్లన్నావు?"

"నేనేటి పిలిసినానా? ఆపినాను. పిలిస్తే సులకన గానీ, ఆపితే పండగే."

"మరి పండగ అయిపోనాక?"

"నీ ఆఫీసు కొట్టు ఇక్కడే ఎయ్యి. బొంగు నేనొగ్గను."

రత్న ఒక్క ఉరుకున కొండెక్కింది. బోర్డు చేతికొచ్చింది గాని, కట్టడానికి తాడు దొరకలేదు. మిల్లుకని సర్దిన సంచిని మంచం మీద బోర్లించి, దాని పట్టీ పీకి పట్టుకుని కిందికి పరుగెత్తింది.