బండికి ముగ్గురు

"మూడో బండీ, లోపల ఎంతమంది ఉన్నారు?" కంట్రోల్ రూమ్ ఆపరేటర్ మైకులో అరిచాడు.

"ఒక్కడే సార్! నిచ్చెన ఒక్కడే!"

సంతకం కోసం ఫైలు పట్టుకుని అక్కడికొచ్చిన ప్లానింగ్ ఆఫీసరు ఉన్నచోటే నిలబడిపోయింది. నగర అగ్నిమాపక శాఖ మొత్తంలో నిచ్చెన అని పిలిచేది ఒక్కడినే. ఆరడుగుల మూడంగుళాల ఆమె అన్నయ్యని.

పదకొండు గంటలకు బట్టల గోడౌన్ అంటుకుంది. మూడో బండి అందరికంటే ముందు చేరింది. నిచ్చెన, అతని జోడీ లోపలికి దూసుకెళ్లారు. స్పృహ తప్పిన కూలీని భుజాన వేసుకుని జోడీ బయటికొచ్చాడు. పొగ మింగి గేటు దగ్గరే కూలబడ్డాడు. అదే క్షణంలో వెనక పైకప్పు విరిగిపడింది.

"ఇంకొకరు లోపలికి వెళ్లండి!" ఆపరేటర్ మళ్లీ అరిచాడు.

"ఎవరు వెళ్లాలి సార్? మిగిలింది నేను!" అది డ్రైవర్ గొంతు. "పంపు వదిలితే నీళ్లు ఆగిపోతాయి. వాడు కాలిపోతాడు!"

"రెండో బండి వస్తోంది. తొమ్మిది నిమిషాలు."

రేడియోలో అన్నయ్య దగ్గు వినిపించింది. మళ్లీ వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

ఒంటిగంటకు ఆసుపత్రిలో డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

వదిన వరండాలో గోడకు ఆనుకుని నేలమీదే కూర్చుంది. పక్కన కూర్చున్న ప్లానింగ్ ఆఫీసరుకు ఏడుపు రావడం లేదు. బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ముగ్గురూ ఉన్నారు కదా, మరి ఎక్కడ దెబ్బతింది?

రెండు నెలల క్రితం పైనుంచి హుకుం వచ్చింది. ఏడు స్టేషన్లలో ఒకటి మూసెయ్యాలి, లేదా బండికొకరిని తగ్గించాలి. ఏది మేలో తేల్చే పని ఆమె నెత్తిన పడింది. స్టేషన్ మూస్తే ఒక పేట మొత్తానికి బండి ఆలస్యంగా చేరుతుంది. మనిషిని తగ్గిస్తే? ఎంతవరకు తగ్గించొచ్చు? ఆ ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్యనే అడిగింది.

"నాలాంటివాడైతే ఒక్కడు చాలు. ఒకటో స్టేషన్ వాళ్లయితే పదిమందినెయ్యి," అన్నాడు.

"ఎకసెక్కాలు ఆపరా అన్నయ్యా. రేపు రిపోర్టివ్వాలి."

అన్నయ్య నవ్వు ఆపాడు. "బండికి ముగ్గురుంటే ఎలాగోలా నెట్టుకొస్తాం. ఇంకొకడు తగ్గాడంటే చస్తామే."

ఆమె ముగ్గురని రాసింది. నలుగురున్న బండి ముగ్గురైంది. ఏ స్టేషనూ మూతపడలేదు. శభాష్ అన్నారు అందరూ.

అగ్నిమాపక శాఖ డైరెక్టర్ వరండాలోకి వచ్చాడు. వెనకే, మసి కొట్టుకుపోయిన యూనిఫాంలో మూడో బండి ముసలి డ్రైవర్.

"అమ్మా, మీ ఆయన వీరుడు," అన్నాడు డైరెక్టర్ వదినతో. "రూలు ప్రకారం ముగ్గురినీ పంపాం. మూడోవాడు కదల్లేదు. ఇతన్ని ఇప్పుడే సస్పెండ్ చేస్తున్నాను. బయట విలేకరులకూ అదే చెబుతాను."

వదిన లేచింది. డ్రైవర్ చొక్కా పట్టుకుంది. "ఎందుకు వెళ్లలేదు బాబాయ్? నీ చేత్తో ఎన్నిసార్లు అన్నం పెట్టావు ఆయనకి! ఎందుకు వెళ్లలేదు?"

ముసలాయన చొక్కా విడిపించుకోలేదు. "ముగ్గురం ఎక్కడున్నాం తల్లీ? ఇద్దరే."

"నువ్వో?" డైరెక్టర్ గద్దించాడు.

"నేను డ్రైవర్ని సార్. స్టేషన్లో డ్రైవర్ని మనుషుల్లో ఎవరు లెక్కేస్తారు? బండిలో చక్రాలెంతో నేనూ అంతే. మీ కాగితాల్లో నలుగురున్నప్పుడు మా లెక్కలో ముగ్గురం. ముగ్గురంటే నేను కాక ముగ్గురు. ముప్పై ఏళ్లుగా మా లెక్క అదే. పంపు దగ్గరున్నవాడు కదలకూడదు, లోపలికి ఇద్దరు, వాళ్లని లాక్కురావడానికి బయటొకడు. ఆ ఒక్కడినీ మీరే పీకేశారు."

ప్లానింగ్ ఆఫీసరుకు అప్పుడు అర్థమైంది. ఆఫీసు హాజరుపట్టీలో డ్రైవర్ కూడా ఒక మనిషే. అన్నయ్య నోటి లెక్కలో కాదు. ఆదివారం నాడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే మాట అనుకుని, రెండు వేర్వేరు మాటలు మాట్లాడుకున్నారు. ఇంకొకడు తగ్గితే చస్తామని అన్నయ్య చెప్పాడు. ఆమె ఆ ఇంకొకడిని తగ్గించింది.

వదిన డైరెక్టర్ వైపు తిరిగింది. "ముగ్గురు చాలని రాసిందెవరు?"

"అది శాఖ నిర్ణయమమ్మా. ఒక్కరి పేరంటూ ఉండదు. తప్పు ఇతనిదే." డైరెక్టర్ ప్లానింగ్ ఆఫీసరు వైపు చూసి, నోరు మెదపొద్దన్నట్టు కళ్లతోనే వారించాడు.

డ్రైవర్ తల వంచుకున్నాడు. ఆ నిందను మోయడానికి సిద్ధపడిపోయాడు.

ఆమె లేచి, వదిన వేళ్లను ఒక్కొక్కటిగా ఆ చొక్కా మీంచి విడదీసి, తన చేతుల్లోకి తీసుకుంది.

"బాబాయ్‌ని వదిలెయ్ వదినా. డ్రైవర్‌తో కలిపి ముగ్గురా, కలపకుండానా అని అన్నయ్యని నేను అడగలేదు. ఒక్క మాట అడగలేదు. ఆ అంకె వేసింది శాఖ కాదు, నేను. అన్నయ్యని చంపింది నేనే."