కొలవాల్సిన చెత్త

కాలవ గట్టు కింద ఉన్న ఖాళీ స్థలంలో ఒకప్పుడు మా నేతగాళ్ళ బజారు మొత్తం మగ్గానికెక్కించే పడుగులు చాపుకునేది. తెల్లవారుజామునే దారాలను ఈ చివరి నుంచి ఆ చివరికి సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోపు చుట్టేసేవారు. ఒకసారి ఎవరో ట్రాక్టరు చెత్త తెచ్చి పోశారు. అడిగేవాళ్ళు లేకపోయేసరికి హోటళ్ళ విస్తరాకులు, కోడి ఈకలు, కూలగొట్టిన ఇళ్ళ పెళ్ళలు అన్నీ అక్కడికే చేరాయి. ఇప్పుడది నడుమెత్తు దిబ్బ. ఎవరో ఒకరు నిప్పు పెడుతూనే ఉంటారు. ఆ మసి ఎగిరొచ్చి తడి పడుగు మీద వాలితే గంజిలో అతుక్కుపోతుంది. ఆ పడుగుతో నేసిన తెల్లచీరను ఏ షావుకారూ తీసుకోడు.

మా పెదనాన్న సాంబమూర్తి పడుగులు అలా వరసగా పాడయ్యాయి.

"ఈ ఏడు ఆ దిబ్బ కదలకపోతే మగ్గం గుంట పూడ్చేసి విజయవాడ గవర్నర్‌పేట వెళ్ళిపోతా. గోపీనాథ్ గారి బట్టల కొట్లో వాచ్‌మన్‌గా రమ్మంటున్నారు" అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని. పెద్దమ్మ రావమ్మ పప్పు వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న పోయాక నేను వాళ్ళింట్లోనే పెరిగాను. ఆ మగ్గం సంపాదనతోనే డిగ్రీ చదివాను. ఇప్పుడు మా వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని. పాత చెత్త దిబ్బలు తొలగించడానికి ప్రభుత్వం నిధులిస్తోందని తెలియగానే మా దిబ్బ కోసం దరఖాస్తు పెట్టాను. చెత్త ఎంతుందో కొలిచి, దాన్ని బట్టి డబ్బు మంజూరు చేస్తారు. కొలవడానికి విజయవాడ నుంచి ఇంజనీరు డేనియల్ గారు వస్తారని కబురొచ్చింది. "గురువారం ఆఫీసరు వస్తున్నారు, దిబ్బ చూడ్డానికి" అని ఇంట్లో చెప్పి, ముందురోజు మీటింగుకు విజయవాడ వెళ్ళి అక్కడే ఉండిపోయాను.

గురువారం పొద్దున డేనియల్ గారి జీపులోనే ఊళ్ళోకి వచ్చాను.

దిబ్బ లేదు.

దాన్ని పక్కనున్న పల్లంలోకి నెట్టేసి, కాలవలోంచి తీసి గట్టున పోసిన పూడిక మట్టితో మొత్తం కప్పేశారు. పైన నీళ్ళు చల్లి వరసగా ముగ్గులేశారు. షామియానా, కుర్చీలు, కొబ్బరిబోండాలు. పెద్దమ్మ పెళ్ళిళ్ళకు కట్టుకునే పట్టుచీరలో ఎదురొచ్చింది.

"రండి బాబూ, నీడకి రండి."

"దిబ్బ ఏదండీ?" అన్నారు డేనియల్ గారు.

"ఇంకెక్కడి దిబ్బండీ! మీరొస్తున్నారని నిన్న బజారు బజారంతా మగ్గాలు ఆపేశాం. వాసన వస్తే నన్నడగండి!"

ఆయన నా వైపు చూశారు, నేల వైపు చూశారు. "నేను చెత్త కొలవడానికొచ్చానమ్మా. కనపడని చెత్తకి డబ్బెలా రాయను? ఇప్పుడున్నది ఉన్నట్టు రాస్తే చదును నేల అని రాయాలి."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఎవరు చెయ్యమన్నారు పెదనాన్నా?"

"ఎవరు చెప్పాలే? మా పిల్ల తీసుకొచ్చిన ఆఫీసరు ముక్కు మూసుకుని నిలబడితే తలవంపులెవరికి? ఇంటికి చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్చుకోమూ?"

పక్కింటి సంపూర్ణమ్మ అందుకుంది. "నీ సచివాలయం వాకిలి కూడా ఊడ్చాం రాజ్యశ్రీ. అదన్నా ఉంచుతావా, మళ్ళీ కసువు పోసి రమ్మంటావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. డేనియల్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత కుర్చీలో కూర్చోకుండా చొక్కా చేతులు పైకి మడిచారు. "తవ్వి చూపించండి, కొలుస్తాను. అక్కడక్కడా అసలు నేల తగిలేదాకా గోతులు తియ్యాలి. సాయంత్రం దాకా ఉంటాను."

పెదనాన్న అందరికంటే ముందు పార అందుకున్నాడు. రెండు వేట్లు వేసేసరికి పార చేతిలోంచి జారిపోయింది. అప్పుడు చూశాను ఆయన అరచేతులు. బొబ్బలు చిట్లి ఎర్రగా ఉన్నాయి. నేతపని వాళ్ళకు అరచెయ్యి నున్నగా ఉండాలి. ఎక్కడ చర్మం గరుకుదేలినా సన్నదారం దానికి పట్టుకుని తెగుతుంది. అందుకని పెద్దమ్మ ఆ చేతులను బావిలో చేద కూడా వెయ్యనిచ్చేది కాదు. నా పరువు కోసం నిన్నంతా ఆ చేతులతో చెత్త ఎత్తాడు.

"ఇలా ఇవ్వు."

"నువ్వు ఆఫీసరువి. నీకు చేతకాదు, తప్పుకో."

"ఇవ్వు పెదనాన్నా."

ఇచ్చాడు. బజారంతా మళ్ళీ పారలు తెచ్చుకుంది. ముగ్గులు తెగిపోయాయి, కుళ్ళు వాసన గుప్పున లేచింది. పెద్దమ్మ విసనకర్ర తెచ్చి డేనియల్ గారికి విసరడం మొదలుపెట్టింది.

"ఏమనుకోకండి బాబూ. ఇది మా ఇళ్ళ చెత్త కాదు."

"తెలుసమ్మా. ఆ విసనకర్ర పక్కన పెట్టి, ఈ టేపు కొస పట్టుకోండి."

పెద్దమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని టేపు పట్టుకుంది. ఒక్కో గోతి దగ్గరా కొలత ఎంతొచ్చిందని అడుగుతూ, బాగా లోతు వచ్చినప్పుడల్లా పెదనాన్న వైపు తిరిగి సంతోషంగా చెప్పింది.

పొద్దు వాలుతుండగా డేనియల్ గారు చేతులు కడుక్కున్నారు. "నేననుకున్న దానికంటే ఎక్కువే ఉంది. రిపోర్టు రేపే పంపిస్తా. కాదనడానికి నాకైతే కారణం కనపడట్లేదు. వానలు తగ్గాక, చెత్త జల్లెడ పట్టే యంత్రం వస్తుంది."

"వానలు తగ్గాకేనా?" అన్నాడు పెదనాన్న.

"అంతకంటే ముందు కాదండీ. ఈలోపు మీరేం శుభ్రం చెయ్యకండి, మీకు దణ్ణం పెడతా."

జీపు వెళ్ళిపోయాక ఇంటికొచ్చాం. పెద్దమ్మ ఆయన అరచేతులకు వెన్న రాసింది. ఆయన మగ్గం వైపు చూసి, "నా ఫోను తీసి గోపీనాథ్ గారికి కలుపు. ఈ చేతులతో నొక్కలేను" అన్నాడు.

కలిపి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"అయ్యా, నేను సాంబమూర్తిని. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోండి... లేదండీ, జీతం గురించి కాదు... మా పిల్ల ఇక్కడొక పని మొదలుపెట్టింది. అది అయ్యేదాకా నేను మగ్గం దిగను."

అటునుంచి ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. పెదనాన్న నవ్వి, ఫోను తీసెయ్యమని తల ఊపాడు.

"రేపు డ్యూటీకి పోయే ముందు కాసిని కండెలు చుట్టి వెళ్ళు. దారం వదులుగా చుడతావు నువ్వు. కాస్త బిగించి చుట్టు."