సీసపు కొస

"అక్కా, దీనికి బకెట్ కట్టావా?"

రూరీ సీసపు కొసను వేలికి చుట్టి గుంజి చూస్తున్నాడు. ఇష్బెల్ తలెత్తలేదు.

"నీ చేతిలోదానికి కట్టాను. నా జేబులోదాన్ని పొద్దున్నే అంటించాను, జిగురింకా ఆరలేదు."

"అయితే అది నువ్వే ఉంచుకో తల్లీ. చేప తెంపుకుపోతే పరువు నీది పోవాలి గానీ నాదెందుకు?"

మార్చి నెల. కొండల మీది మంచు కరిగి లెన్నిక్ నదిలోకి దిగుతోంది. ఇంత చలికి సాల్మన్ పైకి రాదు, అడుగున రాళ్ల మధ్యే పడుకుంటుంది. గేలం దాని ముక్కు దాకా దిగాలంటే నీటిపై తేలే గేలపు తాడు, అంటే లైను, చివర బరువు ఉండాలి. కొట్లో దొరికేవి ఈ వడికి నిలవవని అక్కాతమ్ముళ్లు సొంతంగా చేసుకుంటారు. సీసపు తీగ ఉన్న అల్లిక దారాన్ని కోసి, కొసన కాస్త సీసం లాగేసి, ఖాళీ అల్లికను మడిచి దాని కడుపులోకే దూర్చి ఉచ్చు చేస్తారు. పైన దారం చుట్టి జిగురు పూస్తారు. ఆ తర్వాత పాకలో దూలానికి తగిలించి, నిండు బకెట్ వేలాడదీస్తారు. తెల్లారేదాకా బకెట్ కింద పడకపోతేనే ఆ ఉచ్చు నదికి వస్తుంది.

ఆ మధ్యాహ్నం చేపల వేటకు అతిథులు వస్తున్నారు, వాళ్లను నదిలోకి తీసుకెళ్లేది ఈ అక్కాతమ్ముళ్లే. కొత్త కొసను ఒక్కసారి విసిరి చూద్దామని రూరీ నదిలో పాద్రి మడుగు అనే చోటికి దిగాడు. ఒక్కసారికేగా అని, మునగకుండా వేసుకునే తేలే చొక్కాను ఒడ్డున గుడిసెలో మేకుకే వదిలేశాడు.

అవతలి ఒడ్డు కాపలాదారు టోర్క్విల్ గొంతు చించుకున్నాడు. "ఏమోయ్, సీసం కట్టి చేపల్ని పడతారా, బావి తవ్వుతారా?"

"నీ గేలానికి బాతులు పడుతున్నాయి, ముందు వాటిని చూసుకో మామా!" రూరీ నవ్వుతూ ఇంకో అడుగు వేశాడు.

ఆ అడుగు కింద గులకరాళ్ల మేట జారింది.

కేక కూడా లేదు. టోపీ తేలింది. కాసేపటికి, చాలా దిగువన, అతని తల తేలింది. రబ్బరు ప్యాంటులో మిగిలిన గాలి అతన్ని వెల్లకిలా మోస్తోంది. చలికి చేతులు కొయ్యబారిపోయాయి. దిగువన మిల్లు వంపులో నదికి అడ్డంగా ఆల్డర్ చెట్టు పడి ఉంది. నీరు దాని కొమ్మల కిందుగా పోతుంది. కిందటేడు అలా పోయిన జింక మళ్లీ తేలలేదు.

"రూరీ!"

ఇష్బెల్ తన గేలపు కర్ర అందుకుని ఒడ్డు వెంట పరుగెత్తి, అతనికి సమంగా వచ్చి గేలం విసిరింది. ఎదురుగాలి తేలికపాటి లైనును ఎత్తి ఆమె ముఖానికే కొట్టింది. మళ్లీ విసిరింది. మళ్లీ అంతే. బరువు లేనిదే ఇది గాలిని చీల్చదు.

జేబులో ఉన్నది ఒకటే.

పరుగెడుతూనే ఉచ్చులో ఉచ్చు దూర్చి దాన్ని లైనుకూ గేలానికీ మధ్య తగిలించింది. వేళ్లు మాట వినలేదు, పళ్లతో లాగింది. నాలుకకు పచ్చి జిగురు తగిలింది. ఊపిరి బిగబట్టి విసిరింది. సీసపు కొస గాలిని కోసుకుంటూ వెళ్లి రూరీకి అవతల పడి మునిగింది. మెల్లగా లాగింది. కొక్కెం అతని భుజం మీదుగా పాకి కోటు కాలరులో దిగింది.

"లాగు! లాగమ్మా!" అవతల టోర్క్విల్ అరుస్తున్నాడు.

ఆమె చేతులూ అదే కోరాయి. కానీ లాగితే నది బరువంతా ఆ పచ్చి అతుకు మీద పడుతుంది. ఇష్బెల్ కర్రను పక్కకు వాల్చి, నదితోపాటు పరుగెత్తింది. పెద్ద చేపను నీటికి ఎదురు లాగకూడదు, దాని వెంట పోతూ పక్కకు మళ్లించాలి.

ఒడ్డున పొదలు అడ్డొచ్చాయి. నీళ్లలోకి దిగింది. నడుము దాకా మునిగింది. అడుగులు నెమ్మదించగానే లైను బిగిసింది. కర్రలోంచి అరచేతికి ఏదో జారినట్టు తెలిసింది. అల్లిక వదులవుతోంది.

ఆమె లైను చుట్టి ఉన్న రీలు మీంచి చెయ్యి తీసేసింది.

"ఏం చేస్తున్నావే! చెట్టు! చెట్టు!"

"నోర్ముయ్ మామా!"

రీలు గిర్రున తిరిగింది. రూరీ చెట్టు వైపు పోతూనే ఉన్నాడు, ఆమే వదిలిపెడుతోంది. పొదలు దాటి గులకల మీదికి ఎక్కి, అతన్ని మించి ముందుకు పరుగెత్తి, అప్పుడు అరచేతితో రీలును ఆపింది. కర్ర వంగింది. రూరీ భుజం ఒడ్డు వైపు తిరిగింది. కాళ్లు తిరిగాయి. వడి అంచు దాటి ఇవతలికి వస్తున్నాడు.

కర్ర ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఉచ్చు ఊడిపోయింది.

చెయ్యి చాపితే అందేంత దూరం, అంతే. నది అతన్ని మళ్లీ వెనక్కి తీసుకుంటోంది. ఇష్బెల్ కర్ర పారేసి నీళ్లలోకి దూకింది. కుడిచేతికి నీరే దొరికింది. ఎడమచేతికి కోటు వెనక కుట్టిన తలముసుగు దొరికింది. మోకాళ్లు రాళ్లకు కొట్టుకున్నాయి. ఆ రాళ్లలోనే మడమలు పాతి వెనక్కి వాలింది. చెట్టు కొమ్మలు పక్కనే సలసల చప్పుడు చేస్తున్నాయి.

ఇద్దరూ గులకల మీద పడ్డారు. రూరీ బోర్లా తిరిగి నీళ్లు కక్కాడు. పెదాలు నల్లబడ్డాయి.

"అక్కా... వదులు. మెడ బిగుసుకుపోతోంది."

ఇష్బెల్ తన పిడికిలి వైపు చూసింది. విప్పాలనుకుంది. అది విచ్చుకోలేదు.

"కాసేపు ఓర్చుకో," అంది.