ఆకుపచ్చ బటన్‌లో అరుణ గొంతు

అరుణజ్యోతి బియ్యం కడుగుతుండగా ముందుగదిలో నుంచి తన గొంతే తనకు వినిపించింది.

"మీ ఫోన్ ప్రమాదంలో ఉందండీ. కంగారు పడకండి. కింద కనిపిస్తున్న ఆకుపచ్చ బటన్ వెంటనే నొక్కండి."

తడి చేతులతోనే పరుగెత్తింది. అత్త బుచ్చమ్మ మంచం మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఫోన్ మీద చూపుడువేలు ఆనించి ఉంది. అప్పటికే నొక్కేసింది. తెర మీద తిరిగే చక్రాలు, బహుమతి పెట్టెలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటున్నాయి.

"ఏం చేసినవత్తమ్మా?"

"నువ్వు చెప్పిందే చేసిన. నొక్కుమన్నవ్, నొక్కిన."

మామ ఓదెలు పోయి ఏడాది దాటింది. ఆదివారం వస్తే చాలు, ఆయన పొద్దున్నే మల్లన్న ఒగ్గుకథ పెట్టుకుని వినేవాడు. షేక్‌పేటలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఆదివారాలు చప్పుడు లేకుండా తెల్లవారుతున్నాయి. ఆ కథ కోసమే బుచ్చమ్మ ఫోన్‌లో వెతుకుతోంది. కథ దొరికిన పేజీ నిండా డౌన్‌లోడ్ బటన్లే. అరుణ ఎన్నిసార్లు చెప్పిందో. "మెరిసేది, ఊగేది, తొందరపెట్టేది ముట్టకు. అసలుది చిన్నగ, రంగు లేకుంట, కథ పేరు పక్కనే ఉంటది. నొక్కంగనే వేరే పేజీకి ఎగిరితె ఎనుకకు రా. కథ కోసం ఇంకోటేదో ఎక్కించుకొమ్మంటె వద్దను." బుచ్చమ్మ ప్రతిసారీ తలూపేది, ప్రతిసారీ మెరిసేదే నొక్కేది. ఇవాళైతే కోడలి మీద ఉన్న నమ్మకంతోనే నొక్కింది.

అరుణకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ వాక్యాలు ఎక్కడ చదివిందో గుర్తొచ్చింది. పదేళ్ళకు పైగా ఫిలింనగర్ డబ్బింగ్ స్టూడియోలలో గొంతు అరువిస్తోంది తను. హీరోయిన్ల కోసం ఏడ్చింది, వాళ్ళ చెల్లెళ్ళ కోసం నవ్వింది, ఒక సీరియల్‌లో కోడలి మీద విషం కక్కే అత్తగా పలికి, ఇంటికొచ్చి బుచ్చమ్మకు కాళ్ళు పట్టింది. గంటల తరబడి నిలబడి గొంతు బొంగురుపోయి వస్తే, "నోరాడిస్తె అయిపాయె, అది గూడ కష్టమేనా" అంటాడు భర్త ఓంప్రకాష్. ప్రొడక్షన్ మేనేజర్ అతను. పోయిన దసరా ముందు అట్లాగే ఒక రోజు, ఇంటికి పోతూ పోతూ ఆమెను జూబ్లీహిల్స్‌లో దోస్తు హనుమంతు ఆఫీసుకు తీసుకుపోయాడు. "మనోడే. జర ఓ చిన్న వాయిస్ ఇయ్యి." తెర మీద బొమ్మ లేదు, కథ లేదు, విడివిడి వాక్యాలు. ఇదెందుకని అడిగితే "నీకెందుకు, చదువు" అన్నాడు. డబ్బులు తీసుకోకుండా ఊరికే చదివింది. కానీ బాగా చదివింది, చెడ్డగా చదవడం ఆమెకు చేతకాదు. ఈ ఇంట్లో "అన్నం తినుండ్రి" అని మూడోసారి పిలిచినా లేవని మనుషులు ఉన్నారు. అదే గొంతు ఫోన్‌లోంచి ఒక్కసారి చెప్తే చాలు, వేలు దానంతటదే కదులుతుంది.

కొత్తగా ఎక్కిన వాటిని ఒక్కొక్కటే వెతికి తీసేస్తూ కూర్చుంది. బ్యాంకు సంగతులేవీ అందులో లేవు, అదే నయం. తువ్వాలు భుజాన వేసుకుని ఓంప్రకాష్ వచ్చాడు.

"అమ్మ ఫోన్ గిట్లెందుకైంది? నువ్వు చెప్పొద్దా?"

"చెప్పింది గదరా, ఫోన్లకెళ్ళి" అంది బుచ్చమ్మ.

అతను వినిపించుకోలేదు. "రేపు హనుమంతు దగ్గరికి పోవాలె. 'ఆఖరి అవకాశం' అని ఇంకో రెండు లైన్లు. పోయినసారి దానికి మస్తు నొక్కిన్రంట. నీ గొంతంటె నమ్మకమంట జనాలకు. వస్తదని మాటిచ్చిన."

"గా హనుమంతుగాడేనా నా కోడలిని ఫోన్ల కూసోబెట్టింది?"

"నీకు తెల్వదమ్మా, ఊకో."

అరుణ ఫోన్ వైపు చూసింది. ఎన్ని ఇళ్ళల్లో ఎందరు బుచ్చమ్మలు నొక్కి ఉంటారు? తడి చేతులతో పరుగెత్తుకొచ్చేందుకు అందరి వంటిళ్ళల్లోనూ తను లేదు.

భర్త ఫోన్ తీసుకుని తనే హనుమంతుకు చేసింది.

"తమ్మీ, నేను అరుణను. రేపు వస్తలేను. పోయినసారి చదివింది గూడ తీసెయ్యి."

"అదేంది వదినా, అన్న మాటిచ్చిండు గద."

"మాట ఆయనదే. గొంతు నాది."

"ఇప్పుడెట్ల తీస్తం వదినా, ఏడేడికో పోయింది."

"నేను దినాం మైకు ముందల్నే ఉంటా తమ్మీ. ఈ గొంతు నొక్కుమంటె నొక్కకుండ్రని, ఇదే గొంతుతోని చెప్పి ఊరంత పంపుత. గది జల్ది పోతది."

"సాయంత్రం వరకు తీపిస్త వదినా" అన్నాడు హనుమంతు.

"ఇజ్జత్ తీసినవ్" అన్నాడు ఓంప్రకాష్.

"ఎవలదిరా?" అంది బుచ్చమ్మ.

అరుణ మళ్ళీ ఆ పేజీ తెరిచింది. ఆకుపచ్చవి దాటింది, గంతులేసే ఎర్రదాన్ని దాటింది. కథ పేరు పక్కన, బూడిదరంగులో, చదవాలంటే కళ్ళు చికిలించాల్సినంత చిన్న అక్షరాలు. అత్త వేలు పట్టుకుని వాటి మీద పెట్టింది.

డోలు మోగింది. మల్లన్న కథ మొదలైంది. బుచ్చమ్మ మంచానికి అటు పక్కకు, ఓదెలు కూర్చునే చోటుకు ఫోన్ జరిపింది.

కాసేపయ్యాక ఓంప్రకాష్ కుర్చీలోంచి, "అరుణా, చాయ్" అన్నాడు.

అరుణ గొంతు సవరించుకుంది. మైకు ముందు పలికే గొంతు అది.

"మీ చాయ్ ప్రమాదంలో ఉందండీ. కంగారు పడకండి. వంటింట్లో కనిపిస్తున్న స్టవ్ వెంటనే వెలిగించండి."

బుచ్చమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేవురా. నేను గా గొంతు చెప్తే ఇనలేదా?"

అతను తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆమె కదలలేదు. లేచాడు. వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. చక్కెర ఎక్కడుందని అక్కడి నుంచే కేకేశాడు.

ఆరిన చేతులు ఒడిలో పెట్టుకుని అరుణ అత్త పక్కన సర్దుకు కూర్చుంది.

"చిన్న డబ్బా. మెరవదు. జర చూసి తియ్యి."