కాటా మీద అరగంట

లిఫ్టు మెకానిక్కు సంచిలో రసమట్టం ఉంటే ఎవరూ వింతగా చూడరు. కానీ ఆదివారం పూట, ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రసమట్టాన్ని నేల మీద పెట్టి, అందులో గాలిబుడగ ఎటు జరుగుతుందా అని ఊపిరి బిగబట్టి చూస్తుంటే మాత్రం దారిన పోయే సైకిలు మనిషి కూడా ఆగుతాడు.

"ఏమైనా పడిపోయిందా సార్?"

"లేదు. వాలు చూస్తున్నా."

"వాలు చూసి ఏం చేస్తారు?"

"మా అక్క చక్రాల కుర్చీ ఎక్కుతుందో లేదోనని."

సైకిలు మనిషి చుట్టూ చూశాడు. అక్కా లేదు, కుర్చీ లేదు. ఇంకేమీ అడగకుండా కాస్త వేగంగానే తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

మెకానిక్కు వెతుకులాట మొదలుపెట్టి అప్పటికి ఐదు ఆదివారాలు. "నన్ను చేసుకునే ముందు ఒక్కసారి చూశారు, రోడ్లని మాత్రం ఇన్నిసార్లు చూస్తున్నారు," అని భార్య సాధిస్తూనే ఫ్లాస్కు నింపి ఇచ్చేది.

అక్కకు చిన్నతనంలోనే జ్వరమొచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. ముప్పై రెండేళ్ళు ఒక ఫొటో స్టూడియో వెనక చీకటిగదిలో కూర్చుని ఊరివాళ్ళ ముఖాలన్నీ కడిగి ఆరేసింది. ఫొటోలో దుమ్ము పడ్డచోట తెల్ల మచ్చ వస్తుంది కదా, దాన్ని వెంట్రుకంత బ్రష్షుతో నల్లరంగు అద్ది మాయం చేయడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరే ఒకసారి కొంప ముంచింది. ఎవరో బ్యాంకు గుమాస్తా ఒక పెద్ద ఫొటో కడగమని ఇచ్చాడు. నల్లటి కాగితం నిండా సన్నటి తెల్ల మచ్చలు. ఇంత దుమ్ములో ఫిల్ము ఎలా పెట్టాడురా ఈ మనిషి అని తిట్టుకుంటూ, అక్క రెండు రోజులు కూర్చుని ఒక మూల మొత్తం శుభ్రం చేసింది. అతను వచ్చి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "అమ్మా, అవి నక్షత్రాలు," అన్నాడు. ఆమె ముఖం చూసి మళ్ళీ తనే, "పర్వాలేదు లెండి, పైన అలాగే ఉన్నాయి," అని డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ మనిషి ఒక్క మాట అనకపోవడమే అక్కను ఇన్నేళ్ళూ వదల్లేదు. ఊళ్ళో పుట్టి, ఊళ్ళో పెరిగి, పగలంతా చీకట్లో పనిచేసి, రాత్రి వీధి దీపాల కింద ఇల్లు చేరే మనిషికి అన్ని నక్షత్రాలు ఉంటాయని ఎలా తెలుస్తుంది?

రెండు నెలల కింద కళ్ళ డాక్టరు ఆమెకు రేచీకటి ముదురుతోందని చెప్పాడు. పగటి చూపుకు ఇప్పట్లో భయం లేదట. రాత్రి చూపు మాత్రం వానలు వెళ్ళేసరికి ఎంత మిగులుతుందో చెప్పలేనన్నాడు. తమ్ముడు ఆ మాటకే కుదేలైపోయాడు. అక్క మాత్రం ఇంటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఒరేయ్, నాకు పాలపుంత చూపించరా. కళ్ళతో చూసి, ఒక్క ఫొటో నా చేత్తో తీసుకుంటా," అంది.

వానలు పడేలోపు మిగిలింది ఒక్క అమావాస్యే.

అప్పట్నుంచి అతనికి కాలు నిలవలేదు. కొండ మీద మంచి చీకటి ఉందన్నారు. వెళ్తే నూట పన్నెండు మెట్లు. చెరువు కట్ట మీద ఆకాశం అద్దంలా కనిపించింది, కానీ గేటు దగ్గర మనిషి ఒంటి వాటంగా దూరేంత సందే ఉంది. ఒక పొలం బాట దొరికితే అందులో ట్రాక్టరు గాడి మోకాలి లోతు. కుర్చీ హాయిగా తిరిగేచోటల్లా హోర్డింగులూ, గోడౌన్ల లైట్లూ. చీకటి ఉన్నచోటికి దారి లేదు, దారి ఉన్నచోట చీకటి లేదు. అర్ధరాత్రి లేచి ఫోనులో మబ్బుల లెక్క చూసుకునేవాడు. పనిలో ఎవరి లిఫ్టు బాగుచేస్తున్నా మనసులో వాలు కొలుస్తూనే ఉండేవాడు.

ఐదో ఆదివారం దొరికింది ఈ కాటా. లారీలను తూచే పాత వేబ్రిడ్జి. పక్కన కంకర కొట్టే క్రషర్ మూతబడి ఉంది, దాని గేటుకు తాళం. సిమెంటు దిమ్మె, రెండు పక్కలా లారీ ఎక్కేందుకు నున్నటి వాలు. బుడగ మధ్యలో కొద్దిగా వణికి నిలిచింది. ఐదు కిలోమీటర్ల ముందు పెట్రోలు బంకులో వెడల్పు తలుపున్న బాత్రూము కూడా ఉంది. చీకటి పడేదాకా కూర్చున్నాడు. నక్షత్రాలు ఒక్కొక్కటే కాక గంపెడు గంపెడు వచ్చిపడ్డాయి. అంత సంతోషంలో ఆ రోజు ఆదివారం అన్న సంగతి ఒక్కటి అతనికి తట్టలేదు.

అమావాస్య మంగళవారం వచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకు కారు మలుపు తిరిగేసరికి ముందు చప్పుడు వినిపించింది. తర్వాత వెలుగు. గేటు బార్లా తెరిచి ఉంది. నాలుగు స్తంభాల మీద ఎనిమిది ఫ్లడ్‌లైట్లు. యంత్రం రాళ్ళు నములుతోంది. తెల్లటి దుమ్ము ఆ వెలుగులో మేఘంలా తేలుతోంది. పైన ఆకాశం ఊళ్ళో ఉన్నట్టే బూడిదరంగులో ఉంది.

మెకానిక్కు స్టీరింగు వదల్లేదు. "ఆదివారం సెలవు అక్కా. నాకు సెలవైన రోజు వాళ్ళకీ సెలవే. నేనెంత వెధవనో చూడు, అన్నిచోట్లకీ ఆదివారమే వెళ్ళాను."

"నేను నక్షత్రాలు తుడిచేశాను, నువ్వు వారం మర్చిపోయావు. ఒక కడుపున పుట్టినవాళ్ళం ఆ మాత్రం పోలిక ఉండదా? ముందు నన్ను దింపు."

"ఇంకోచోటికి పోదాం. ఇంకో ఇరవై కిలోమీటర్లు..."

"ఇరవై కిలోమీటర్ల తర్వాత ఏముంది?"

అతనికి తెలియదు.

"తెలీని చోట నన్ను ఎక్కడ దింపుతావురా? వెళ్ళి అడుగు. నోరు లేదా?"

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చెవుల్లో దూది. సంగతంతా రెండుసార్లు అరిచి చెప్పాక, "లైట్లు ఆపమంటారా? లైట్లతో పాటు నా ఉద్యోగం కూడా ఆగిపోతుంది సార్," అన్నాడు.

"ఐదు నిమిషాలు చాలు అన్నా."

"ఐదెందుకు, అరగంట తీసుకోండి. పదకొండున్నరకి భోజనాలు. జనరేటరు చల్లారాలని ఆపేస్తారు. గదిలో ఒక్క బ్యాటరీ బల్బు ఉంటుంది, తలుపు మూసుకుని తింటారు. పన్నెండుకి మళ్ళీ మామూలే."

మెకానిక్కు పరుగున వచ్చి చెప్పాడు. అక్క ముఖంలో వెలుగు రాలేదు. "అరగంటేనా?" అంది. "నా కళ్ళకి చీకటి అలవాటవడానికే ఇప్పుడు ముప్పావుగంట పడుతోంది. వాళ్ళు తిని లేచేసరికి నేనింకా గుడ్డిదానిలా తడుముకుంటూ ఉంటా."

అప్పుడు ఆమె తన సంచీలోంచి ఒక నల్లగుడ్డ తీసింది. స్టూడియో ఓనరు పాత పెట్టె కెమెరాలోకి తొంగిచూసేటప్పుడు తల మీద కప్పుకునే గుడ్డ. స్టూడియో మూసిన రోజు అడిగి తెచ్చుకుంది. రెండు మడతలు వేస్తే సూదిమొనంత వెలుగు కూడా దూరదు.

"చీకటి దొరక్కపోతే ఇంటినుంచి తెచ్చుకోవాలి. పద, కుర్చీ ఎక్కించు."

వాలు మీద కుర్చీ ఒక్క తోపుకే ఎక్కింది. అతను స్టాండు కాళ్ళు కుదించి, అక్క భుజాల ఎత్తున, దక్షిణానికి తిప్పి కెమెరా బిగించాడు. ముందుగా ఆమె కెమెరాను వెనక్కి తిప్పించి, దూరంగా ఉన్న చివరి ఫ్లడ్‌లైటు సన్నటి చుక్కలా తేలేదాకా లెన్సు సవరించుకుంది. అది కదలకుండా టేపు వేయించి, కెమెరాను మళ్ళీ దక్షిణానికి తిప్పించింది. "పాడు లైటు, ఈ ఒక్కందుకైనా పనికొచ్చింది," అంది. పదకొండుకు పది నిమిషాలుండగా గుడ్డ తల మీద నుంచి నడుము దాకా కప్పేసుకుంది.

ఇక మెకానిక్కు తిరగడం మొదలుపెట్టాడు. దిమ్మె ఈ చివర నుంచి ఆ చివరకి. గడియారం చూశాడు, పడమటి వైపు మబ్బు చూశాడు, మళ్ళీ గడియారం.

"ఒరేయ్, నీ అడుగులకి కెమెరా ఊగుతోంది," అంది గుడ్డ.

"చూడకుండా నీకెలా తెలుసు?"

"నా కుర్చీ ఊగుతోంది కాబట్టి."

పదకొండుంబావుకు వాచ్‌మన్ ఊసుపోక అటు నడిచి వచ్చాడు. కుర్చీలో నిలువునా నల్లగుడ్డ కప్పిన ఆకారం చూసి అక్కడే బిగుసుకుపోయాడు. "సార్... ఫొటో అన్నారు. ఎవరిని తెచ్చారు సార్? ఇలాంటివి ఇక్కడ వద్దు."

"బతికే ఉన్నాను బాబూ," అంది గుడ్డ లోపలినుంచి. "ఇంకో పావుగంట ఓపిక పడితే లేచి కూర్చుంటా."

వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత విరగబడి నవ్వాడు. విషయం మొత్తం అడిగి తెలుసుకున్నాడు. నవ్వు ఆగాక, "పన్నెండులోపు రెండు లారీలు రావాలే," అన్నాడు నెమ్మదిగా. "హెడ్‌లైట్లు సూటిగా ఇక్కడికే కొడతాయి."

మెకానిక్కు మలుపు వైపు చూశాడు. ఒక్క లారీ చాలు, ముప్పావుగంట దాచుకున్నదంతా ఒక్క రెప్పపాటులో పోతుంది.

"మీరు కంగారు పడకండి సార్. మలుపు దగ్గర నేను నిలబడతాలే. నా భోజనం ఎక్కడ తింటే ఏముంది?" అని టిఫిను డబ్బా తెచ్చుకుని మలుపు వైపు వెళ్ళిపోయాడు.

పదకొండున్నరకు యంత్రం దగ్గింది, మూలిగింది, ఆగింది. లైట్లు ఒక్కసారిగా చచ్చిపోయాయి. చెవులు గింగురుమన్నాయి. దుమ్ము ఇంకా గాల్లోనే ఉన్నట్టుంది, ముక్కులో తెలుస్తోంది. నాలుగైదు నిమిషాలకు గాలి తిరిగి అది పక్కకు జరిగింది.

"అక్కా, ఇప్పుడు."

ఆమె గుడ్డ తీసింది. తల పైకెత్తింది.

"కనిపిస్తోందా?"

అతను ముందుకొచ్చి వంగి, "అక్కా, కనిపిస్తోందా లేదా?" అన్నాడు.

"నువ్వు కనిపిస్తున్నావు. అడ్డం లేవరా!"

అతను పక్కకు దూకాడు. అక్క తల అటూ ఇటూ మెల్లగా తిప్పుతోంది, చూపు ఎక్కడ నిలుస్తుందో వెతుక్కుంటున్నట్టు. దూరంగా మలుపు దగ్గర లారీ హారను మోగింది. వెలుగు ఒకటి చెట్ల మీద పాకి, ఇటు తిరగబోయి, ఆరిపోయింది. ఎవరో ఎవరినో విసుక్కున్నారు, ఆ వెంటనే నవ్వులు వినిపించాయి. మెకానిక్కు పిడికిళ్ళు అప్పటికి విడిపడ్డాయి.

అక్క చెయ్యి చాచి కెమెరా తీగ పట్టుకుని, మీట నొక్కి లెన్సు తెరిచింది. పాత అలవాటు కొద్దీ, కాగితాన్ని మందులో ముంచినప్పుడు లెక్కపెట్టినట్టే, పైకే అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. మళ్ళీ ఇరవై. తొమ్మిదిసార్లు.

పన్నెండుకు లైట్లు వెలిగేలోపే గుడ్డ మళ్ళీ కప్పేసుకుంది. కారు ఎక్కాక గానీ తీయలేదు.

"ఎలా ఉందో చెప్పవేం?" అన్నాడు అతను, ఇంకా ఆగలేక.

"అందరికీ కనిపించేంత నాకు కనిపించలేదురా, అబద్ధం ఎందుకు. బల్ల మీద పాలు ఒలికి, తుడిచాక ఒక చార మిగులుతుంది చూడు, అలా ఉంది. ఉందని మాత్రం తెలిసింది." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఆ చార నేను తుడవలేదు," అంది.

మర్నాడు పొద్దున మెకానిక్కు పనికి సెలవు పెట్టి తొమ్మిది ఫొటోలూ కంప్యూటరులో పెట్టాడు. ఐదోది బాగా వచ్చింది. పాలపుంత ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలుగా పరుచుకుంది. అక్క తెరకు మూరెడు దూరంలో ముఖం పెట్టి, కిటికీ వెలుగులో, అంగుళం అంగుళం చదువుతోంది.

"ఇక్కడ చూడు," అన్నాడు అతను. "ఇది లెన్సు మీద పడ్డ క్రషర్ దుమ్ములా ఉంది. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది, తీసేయనా?"

అక్క అతని చెయ్యి పట్టుకుని మౌసు మీంచి లేపి పక్కన పెట్టింది.

"ముట్టుకోకు. దుమ్మయితే దుమ్మే, ఉండనీ."