పెట్టెలాట

"తడి చేత్తో ముట్టుకోకు, పాడైపోద్ది" అన్నారు మా ఆయన, కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజున. నాకు షాక్ కొడుతుందని కాదు ఆయన భయం. దానికేదో అవుతుందని. నేను అప్పుడు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ హారతి కూడా దానికే.

తొంభై ఆరులో సంగతి. ఉక్కునగరం క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన గంగాధరరావు స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. వాళ్ళది భీమవరం పక్క ఊరు. నాది భీమిలి. మా అత్తగారు వెంకటరమణమ్మ లెక్కలో గోదావరి దాటి ఇటు వచ్చాక మనుషులు మాట్లాడేది తెలుగు కాదు. పెళ్ళయిన కొత్తలో నేను "ఏటి అత్తా" అంటే "ఏటి ఏంటే, ఏరా సముద్రమా?" అని చుట్టుపక్కలవాళ్ళని పిలిచి మరీ నవ్వేవారు. క్రమంగా ఆ ఇంట్లో మాట్లాడటమే తగ్గించుకున్నాను. మాట్లాడకపోతే తప్పులుండవు.

ద్వారకానగర్‌లో ఎవరో కుర్రాడు విడిభాగాలన్నీ కూర్చి ఇచ్చిన కంప్యూటర్ అది. ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గు బోర్డు ఇల్లు మొత్తానికీ ఒక్కటే, హాల్లో, దేవుడి అలమర కింద. కాబట్టి కంప్యూటర్‌ని అక్కడే పెట్టారు. పైన సింహాద్రి అప్పన్న పటం, కింద మానిటరు. మానిటరుకీ బొట్టు పెట్టారు. నా పాత పట్టుచీర చించి దానికి ముసుగు కుట్టమన్నారు, కుట్టాను. పొద్దున్నే దేవుడి అలమరతో పాటు దాని దుమ్మూ నేనే తుడవాలి. నెలలో నేను బయటుండే మూడు రోజులూ మాత్రం హాల్లోకే రాకూడదు. అది ఎలాగూ ఉన్న నియమమే, ఇప్పుడు దేవుడికి తోడు కంప్యూటర్ కూడా మైలపడుతుందట. "చింటూ చదువుకునే వస్తువు, వాడికి అరిష్టం" అనేవారు అత్తగారు. చింటూ మా అబ్బాయి, బళ్ళో నాగవంశీ. అప్పుడు నాలుగో తరగతి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి వెళ్ళేవాడు.

ఒకరోజు అన్నం తిని బడికి పరిగెత్తుతూ వాడు ఆట మధ్యలో అలాగే వదిలేసి పోయాడు. ఎలా ఆపాలో నాకు తెలీదు. ప్లగ్గు పీకితే ఏమవుతుందోనని భయం. వాడొచ్చేదాకా కాపలా కాద్దామని ముందు కూర్చున్నాను. తెరమీద బొమ్మలాంటి చిన్న మనిషి ఒకడు నిలబడి నన్నే చూస్తున్నట్టున్నాడు. బాణం గుర్తున్న మీట ఒకటి నొక్కాను. కదిలాడు. ఆ ఇంట్లో నేను కదిపితే కదిలినవాడు వాడొక్కడే.

ఆట చాలా మామూలుది. పైనుంచి చూస్తున్నట్టుగా ఒక గోడౌను. చుట్టూ ఇటుక గోడలు, లోపల పెట్టెలు, నేలమీద అక్కడక్కడ చుక్కలు. ఆ మనిషి పెట్టెల్ని తోసి చుక్కల మీదికి చేర్చాలి. తొయ్యడమే గాని వెనక్కి లాగడం ఉండదు. తొందరపడి మూలకి నెట్టామా, ఇంక ఆ పెట్టె రాదు, మొదట్నించి ఆడుకోవాల్సిందే. ఒక గోడౌను సర్దితే ఇంకోటి వస్తుంది, ఇంకాస్త ఇరుగ్గా. చింటూ దానికి పెట్టెలాట అని పేరు పెట్టాడు. మా ఆయన ఒకసారి కూర్చుని, విసుగొచ్చి, "పోర్టులో కళాసీ పనిలా ఉంది, దీనికి కంప్యూటరెందుకు" అని లేచిపోయారు.

ఆయన బి షిఫ్టులో ఉన్న వారాలే నాకు పండగ. మధ్యాహ్నం బస్సెక్కితే మళ్ళీ రాత్రికే రావడం. ఆయనకి క్యారేజీ కట్టి పంపి, చింటూకి అన్నం పెట్టి పంపి, అత్తగారికి ఉప్పు తగ్గించిన కూర వేరే వండి పెట్టి, గిన్నెలు తోమేసరికి ఆవిడ రేడియో పక్కన పెట్టుకుని నిద్రలోకి జారేవారు. కుళాయి నీళ్ళొచ్చేదాకా మధ్యలో మిగిలిన కాసేపూ నాది. చేతులు రెండుసార్లు తుడుచుకుని, ముసుగు మడిచి పక్కన పెట్టి కూర్చునేదాన్ని. ఏ అక్షరాలు కొడితే ఆట వస్తుందో చింటూ నేర్పాడు. ఆడుతున్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉండేదో ఎవరికైనా చెబితే నవ్వుతారు. నేను పొద్దున తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ సింకులో ఉంటుంది. మడత పెట్టిన బట్ట రేపు మళ్ళీ మాసి వస్తుంది. నేల తుడిచి వెనక్కి తిరిగితే ప్లాంటు ఎర్రదుమ్ము కాళ్ళకి అంటుకుంటుంది. "పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు, ఏం చేస్తావే?" అని ఆయన అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు, చేసిందంతా అప్పటికే తినేసి, తొడిగేసి, తొక్కేసి ఉంటారు. పెట్టెలాటలో నేను సర్దిన గోడౌను సర్దినట్టే ఉండేది. మర్నాడు తెరిస్తే దాని తర్వాతదే వచ్చేది. నేను చేసిన పని చేసినట్టు ఉండిపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం.

బయటున్న రోజుల్లో వెనక వరండాలో చాపమీద కూర్చుని, చింటూ సుద్దముక్కతో గచ్చుమీద గోడౌను గీసుకుని, చింతపిక్కల్ని పెట్టెలు చేసి తోసేదాన్ని. అత్తగారు కిటికీలోంచి చూసి "ఒక్కదానివే పులిమేకాటలేంటే, పిచ్చిగాని పట్టిందా?" అన్నారు. పట్టిందనే అనుకోనిచ్చాను.

ఒకరోజు ఆయన ఎ షిఫ్టు దిగి వచ్చి, ఏదో ఫ్లాపీ చూసుకోవాలని కంప్యూటర్ తెరిచి, ఆట కనిపిస్తే తెరిచారు. ఆయన ఊహించనంత దూరం వెళ్ళి ఉంది అది.

"ఒరే చింటూ, ఇంతదాకా వచ్చేశావా!"

అది అడగడం కాదు. ఆ ఇంట్లో కంప్యూటర్ ఆడేవాడంటే చింటూయే. నేను వంటింటి గుమ్మంలోంచి "అదీ..." అనేలోగా అత్తగారు "ఎవరి మనవడనుకున్నావు!" అనేశారు. వాడు నావంక చూశాడు. వాళ్ళ నాన్న చెయ్యి వాడి భుజమ్మీద ఉంది. ఆ చెయ్యి అక్కడ పడటం అరుదు. వాడు తల దించుకున్నాడు.

ఆ వారమంతా మిల్లులో అదే కబురు. ఆదివారం ఆయన స్నేహితుడు సన్యాసిరాజు గారు చూడటానికొచ్చారు. ఆ వేళకి నేను బయటున్నాను. హాలుకీ వరండాకీ మధ్య వెనక గుమ్మం. ఆ గుమ్మం ఇవతల గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏటవాలుగా తెర కనిపిస్తోంది.

"ఏటి బావా, మీ గుంటడు గట్టోడంట కదా! ఏదీ, సూపించమను," అన్నారు సన్యాసిరాజు గారు, కుర్చీ దగ్గరకి లాక్కుని.

చింటూ మొదలెట్టాడు. ముందురోజు నేను చింతపిక్కలతో కుస్తీ పట్టి సర్దిన గోడౌనే అది. వాడు తోసిన మొదటి పెట్టే మూలకి పోయింది. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ పోయింది. నాకు వాడి మెడ వెనక చెమట కనిపిస్తోంది.

"నిన్నటిదాకా చేశావు కదరా, చెయ్యి," అన్నారు ఆయన. గొంతు మారుతోంది. ఇంకోసారి పెట్టె ఇరుక్కుంది. "మనిషొచ్చినప్పుడే నీకు బుర్ర పనిచెయ్యదేంట్రా?" అంటూ చెవి పట్టుకున్నారు.

లేచి గుమ్మం దాకా వెళ్ళాను. గడప దాటడానికి లేదు. నాలుగడుగులేస్తే ఆ మీటలు నా చేతికి అందుతాయి. వెయ్యలేకపోయాను. అలమరలోంచి అప్పన్న చూస్తాడని కాదు. అత్తగారు అరుస్తారు, ఆయనకి పరువు పోతుంది, ఆ కోపమంతా మళ్ళీ పిల్లాడి మీదే పడుతుంది. నిలబడ్డచోటు నుంచే అన్నాను.

"చింటూ, మొదట్నించి పెట్టు. ఆ మూలపెట్టె జోలికెళ్ళకు. కిందికి దిగు. ఇంకా కిందికి. ఇప్పుడు ఎడమకి తొయ్యి. చాలు, ఆగు. చుట్టూ తిరిగి అవతలికి రా."

వాడు వెనక్కి తిరగలేదు. నేను చెప్పింది చెప్పినట్టు నొక్కుకుంటూ పోయాడు. ఆఖరి పెట్టె చుక్క మీదికి చేరగానే తెర మారింది.

"ఓరి బాబో, సేసీసినాడు బావా! ఏటిరా నీ బుర్ర!" సన్యాసిరాజు గారు చప్పట్లు కొట్టారు. "సూసినావా, అమ్మ ఓ కేకేసి ఉషారిచ్చిందో లేదో, సర్రుమని లాగీసినాడు."

"ఉషారు కాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రోజూ ఆడేది నానేనండీ."

సన్యాసిరాజు గారు గుమ్మం వైపు తిరిగి చూశారు. తర్వాత అత్తగారు "నాను ఏంటే నాను, పెద్దమనిషి ముందు! నేను అనలేవూ?" అన్నారు. మా ఆయన పెద్దగా నవ్వారు. "మా ఆవిడకి టీవీ ఆన్ చెయ్యడమే రాదండీ," అన్నారు. సన్యాసిరాజు గారు కూడా నవ్వారు, పాపం మర్యాదగానే. నేను చింటూని చూశాను. ఎర్రగా కందిన చెవితో వాడూ నవ్వుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు కదా, వాడు మాత్రం ఏం చేస్తాడు.

వెళ్తూ వెళ్తూ సన్యాసిరాజు గారు మంచి సలహా ఒకటి ఇచ్చారు. "ఇంత బుర్రున్నోడ్ని ఆటల్లో పాడుసెయ్యకు బావా. ఆ గేమ్ తీసీ. ఏదైనా కోచింగులో ఎయ్యి."

మర్నాడు నేను తలస్నానం చేసి లోపలికొచ్చాక క్యారేజీ చేతికిస్తూ ఆయన్ని అడిగాను.

"ఆ ఆట తీసెయ్యకండి."

"ఎందుకు?"

"మధ్యాహ్నం పూట... నాకు కాస్త..."

"మధ్యాహ్నం పూట పడుకోవచ్చు కదే, నిన్నెవరొద్దన్నారు?" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. ఆయన చెడ్డమనిషైతే ఎదురుతిరిగేదాన్నేమో. ఆ సాయంత్రమే తీసేశారు. ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు పడుకున్నానో. నిద్ర రాకపోతే కళ్ళు మూసుకుని, ఆ ఆదివారం గోడౌనే మళ్ళీ మళ్ళీ సర్దేదాన్ని. కిందికి, ఇంకా కిందికి, ఎడమకి. దాని తర్వాత వచ్చేది ఎలా ఉంటుందో నాకు తెలీదు కాబట్టి, ఎప్పుడూ అక్కడే ఆగిపోయేదాన్ని.

అత్తగారు పోయారు. కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు కట్టుకున్నాం. చింటూ ఇంజినీరింగులో చేరాడు, వాడి గదిలో వాడికి కొత్త కంప్యూటర్. రెండువేల ఆరు వానాకాలంలో ఒక సాయంత్రం, నేను కాఫీకి పాలు తియ్యబోతుంటే వాడు గదిలోంచి కేకేశాడు.

"అమ్మా, తొందరగా రా! మన పెట్టెలాట నెట్‌లో దొరికింది!"

కొంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. అవే ఇటుక గోడలు. అదే చిన్న మనిషి. పుట్టింటి వీధి మలుపు తిరిగినట్టనిపించింది. వాడు చకచకా ఆడుకుంటూ పోయి ఒక గోడౌనులో ఇరుక్కున్నాడు. ఏ గోడౌనో నాకు వేరే చెప్పక్కర్లేదు.

"ఇదే కదమ్మా, సన్యాసిరాజు అంకుల్ ముందు నేను చేసింది? ఎలా చేశానబ్బా అప్పుడు? నువ్వూ ఉన్నావుగా అక్కడ, వెనక గుమ్మంలో."

వాడి ముఖం చూశాను. వాడు అబద్ధం ఆడటం లేదు. వాడికి నిజంగానే అలా గుర్తుండిపోయింది. అక్కడ గుమ్మం ఉంది, గుమ్మంలో అమ్మ ఉంది. గొంతు మాత్రం లేదు.

"లెగు," అన్నాను.

"ఏంటి?"

"లెగు చింటూ. నేను కూర్చుంటాను."

వాడు నవ్వుతూ లేచాడు. కూర్చున్నాను. కిందికి, ఇంకా కిందికి, ఎడమకి. ఇన్నేళ్ళూ రోజూ తిరిగిన దారి. చుట్టూ తిరిగి అవతలికి వచ్చి తోశాను. పెట్టె మూలకి పోయింది.

మళ్ళీ మొదట్నించి పెట్టాను. కిందికి, ఇంకా కిందికి. మళ్ళీ అదే మూల. ఎక్కడో ఒక అడుగు పోయింది. ఏ సంవత్సరం పోయిందో, ఏ మధ్యాహ్నం నిద్రలో జారిపోయిందో. భద్రంగా దాచుకున్నాననుకున్నది అప్పటికే చెడిపోయి ఉంది. ఇది సర్దేసి, వెనక్కి తిరిగి, చూశావా, ఆ రోజు కూడా ఆడింది నేనే అని చెప్పాలనుకున్నాను. ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం పోతోంది.

"పోన్లేమ్మా, నీకెందుకివన్నీ. లే, నేను చూస్తా," అన్నాడు చింటూ. భుజమ్మీద చెయ్యి వేశాడు. వాళ్ళ నాన్న చెయ్యిలాగే ఉంది, బరువుగా, మంచిగా.

"ఏమే, కాఫీ ఏదీ?" హాల్లోంచి కేక.

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తెర సరిగ్గా కనిపించడం లేదు. భుజమ్మీది చేతిని తీసి పక్కన పెట్టాను. గోడౌను మళ్ళీ మొదట్నించి పెట్టాను. ఈసారి పాతది ఏదీ తలుచుకోలేదు. ఎప్పుడూ చూడనిదాన్ని చూస్తున్నట్టు పెట్టెల్ని ఒక్కొక్కటిగా చూశాను.

మా ఆయన గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. "ఏం చేస్తున్నావిక్కడ?"

"ఆడుకుంటున్నాను. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

ఆయన చింటూని చూశారు, చింటూ ఆయన్ని చూశాడు.

"ఎంతసేపట్లో అవుతుంది?" అని అడిగారు ఆయన.

తెర మీంచి చూపు తిప్పలేదు నేను.

"తెలీదు," అన్నాను.