అంచుదాకా పోసిన టీ

మర్గిలాన్ పట్నంలో జుల్హుమోర్ ఇంటి పెరట్లో, ద్రాక్షపందిరి కింద, పరదేశపు ప్రయాణికులకు మధ్యాహ్నం భోజనం పెడతారు. ఆమె భర్త పోయి నలభై రోజులు దాటింది. అప్పటినుంచీ చేతులు పనిచేసుకుపోతున్నాయే తప్ప మనసు మొద్దుబారిపోయింది. పులావులో క్యారెట్ తీపి కూడా నాలుకకు తెలియడం లేదు.

ఆ రోజు వచ్చిన ఇద్దరు ప్రయాణికులూ కడుపునిండా తిన్నారు. ఆమె వాళ్ళ గిన్నెల్లో టీ అంచుదాకా పోసింది. వాళ్ళు మురిసిపోయారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన ఎల్యోర్ మాత్రం గతుక్కుమన్నాడు.

"ఏంటి పిన్నీ, అప్పుడే పొమ్మంటున్నావా? ఇంకా పుచ్చకాయ కోయనేలేదు!"

అరుగు మీంచి అత్తగారు అందుకుంది. "నిండా పోస్తే లేచి పొమ్మనడమేనని చంటిపిల్లకైనా తెలుసు. సగం పోసి, మళ్ళీ మళ్ళీ పోస్తేనే కదే మర్యాద! ముప్పై ఏళ్ళ కాపురం చేశావు. అవి చేతులా, కట్టెలా?"

"పొరపాటైంది అత్తయ్యా," అంది జుల్హుమోర్. టీని కూజాలోకి వంపేసి, మళ్ళీ సగం సగం పోసింది.

భర్తకు ఆఖరిరోజు పొద్దున కూడా ఇలాగే పోసింది. ఏదో చిన్నమాటకు కోపం. అతను గిన్నె చూసి నవ్వాడు. "సరేలేవే, పోతున్నాగా," అంటూ చుక్క మిగల్చకుండా తాగి వెళ్ళాడు. బియ్యానికని వెళ్ళినవాడు బజారులోనే కుప్పకూలాడు.

ఆ పూట ఆమె పోసింది మాత్రం పొరపాటున కాదు.